అద్దాల బీరువాలో ఆటకర్ర

మన ఇళ్ళల్లో ప్రతి బీరువాకీ ఒక పై అర వుంటుంది. అందులో వున్న వస్తువులు మనవే గానీ మనకోసం కావు. పెళ్ళినాటి వెండికంచం, ఎవరో సింగపూరు నించి తెచ్చిన పింగాణీ కప్పులు, ఇంకా మడత విప్పని దుప్పటి. "అవి తియ్యకండర్రా, మంచివి" అంటాం పిల్లలతో. మంచివి కాబట్టి వాడకూడదన్నమాట! ఈ తర్కం నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇందులో ఏదో తిరకాసు వుందని నాకు తట్టింది మాత్రం న్యూజెర్సీలో, ఒక ముసలాయన ఇంట్లో, ఒక ఆటకర్ర ముందు నిలబడ్డప్పుడు.

మా కోడలికి బిడ్డ పుట్టినప్పుడు మా వియ్యపురాలు వెళ్ళి మూడునెలలు వుండి వచ్చారు. తరవాత నా వంతు. పసివాడికి స్నానం పొయ్యడం, సాంబ్రాణి వెయ్యడం (పొగకి ఇంట్లో అలారం మోగుతోందని మావాడు రెండోరోజే మాన్పించేశాడు), కోడలికి వేళకింత వండిపెట్టడం, ఇదీ నా ఉద్యోగం. పక్కింట్లో ఒక పెద్దాయన వుండేవాడు. భార్య పోయింది, పిల్లలు దూరాన వున్నారు. మంచు పడినప్పుడు మావాడు ఆయన వాకిలి కూడా తవ్వి శుభ్రం చేసేవాడు. ఆ కృతజ్ఞత కొద్దీ ఒక ఆదివారం మమ్మల్ని కాఫీకి పిలిచాడాయన. పసివాణ్ణి మావాడికి అప్పజెప్పి అత్తాకోడళ్ళం బయలుదేరాం.

కాఫీ అయ్యాక, "మీకొకటి చూపిస్తాను" అని నేలమాళిగలోకి తీసుకెళ్ళాడు. మధ్యన పూల్ ఆడే బల్ల. మన ఆఫీసర్స్ క్లబ్బుల్లో బిలియర్డ్స్ బల్ల చూసేవుంటారు, పూల్ దానికి చెల్లెలు లాంటిది. గుడ్డ పరిచిన బల్ల, చుట్టూ ఆరు గుంటలు; తెల్లబంతిని కర్రతో పొడిచి, దానితో రంగుబంతుల్ని గుంటల్లోకి తొయ్యాలి. ఆ కర్రనే క్యూ అంటారు. గోడవారగా తాళం వేసిన అద్దాల బీరువా, అందులో దీపాల వెలుగులో నిలబెట్టిన తొమ్మిది కర్రలు. మనం దేవుడి పటాలకి కూడా అంత వెలుగు పెట్టం. "కర్రలకి బీరువా ఏమిటే?" అన్నాను కోడలితో తెలుగులో. అది నవ్వాపుకుని, "చేత్తో చేసినవట అత్తయ్యా, చాలా అరుదైనవట" అంది.

ఆయన తాళం తీసి ఒకదాన్ని నా చేతికిచ్చాడు. అరకిలో పైచిలుకు బరువు వుంటుందేమో, కానీ పట్టుకుంటే బరువే తెలియదు. ఎక్కడ పట్టుకోవాలో అదే చెప్తున్నట్టుంది. రెండు ముక్కలు, మధ్యన మర పెట్టి బిగిస్తారు. ముందు భాగం గట్టి మేపుల్ కట్టె. దాన్ని లేతు మీద ఒక్కసారిగా సన్నం చెయ్యరట. కొంచెం చెక్కి, వారాల తరబడి పక్కన పెట్టి, కట్టె తన ఇష్టం వచ్చినట్టు వంగేదేదో వంగాక మళ్ళీ కొంచెం చెక్కుతారు. తొందరపడితే నాలుగేళ్ళకి కర్ర వంకర పోతుంది. చెయ్యి పట్టుకునే చోట అవిసెనార దారం, ఐరిష్ లినెన్, సందు లేకుండా చుట్టి, నొక్కి, నునుపు చేస్తారు. కొసన తోలుబిళ్ళ. ఆడేవాడి చేతికి తగ్గట్టు బరువూ, లావూ, తూకం అన్నీ చెప్పి చేయించుకుంటారు, మనం జాకెట్టు కొలతలిచ్చి కుట్టించుకున్నట్టు.

నన్ను ఆపేసింది మాత్రం అందులోని అతుకుపని. లేతరంగు మేపుల్‌లోకి నల్లటి ఎబొనీ నాలుగు కోసలుగా పైకెక్కి వుంది. ఎబొనీ మన బీడీ ఆకుల తుమికి చెట్టు జాతిదే. ఒక్కొక్క కోస చుట్టూ కాగితమంత పల్చటి రంగు చెక్కపొరలు, ఎర్రనిదీ, ఆకుపచ్చదీ, అంచుకట్టినట్టు. వేలుపెట్టి రాస్తే ఒక కట్టె ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలయిందో తెలియదు. నాకు చటుక్కున గద్వాల చీర గుర్తొచ్చింది. నూలు వొంటికి పట్టు అంచుని కుట్టు లేకుండా, మగ్గం మీదే పోగుకి పోగు మెలేసి కలుపుతారు చూడండి, కుప్పడం అంటారు, అదే విద్య! కోడలు కూడా అదే అనుకున్నట్టుంది, నావైపొకసారి చూసి తల తిప్పుకుంది. ఆ చూపు వెనకాల ఒక కథ వుంది, తరవాత చెప్తాను.

ఆ కర్ర చేసినాయన పేరు జార్జి బాలబుష్క. 1912లో రష్యాలో పుట్టి, 1924లో చిన్నపిల్లాడిగా అమెరికా చేరాడు. వడ్రంగం చేశాడు, పిల్లల బొమ్మలు చేశాడు, సామాన్లు చేశాడు. రంపం మిషనులో ఒక వేలు తెగిపోతే మేపుల్ కట్టెతో తనే కొయ్యవేలు చేసుకుని తొడుక్కున్నాడట. 1959లో న్యూయార్కులో ఇంకొకాయనతో కలిసి ఒక పూల్ గది కొన్నాడు. ఆ ఏడు క్రిస్మస్‌కి స్నేహితులకి బహుమతులుగా కొన్ని కర్రలు చేసిచ్చాడు. వాటిని చూసినవాళ్ళు మాకూ కావాలన్నారు. అలా మొదలైన పని 1975లో ఆయన పోయేదాకా సాగింది. అన్నీ కలిపి వెయ్యి, పన్నెండు వందల కర్రలకి మించవంటారు. ఇవాళ వాటిని వేలకొద్దీ డాలర్లు పోసి కొనుక్కుంటున్నారు. వయొలిన్లకి స్ట్రాడివేరియస్ ఎలాగో క్యూలకి ఈయన అలాగన్నమాట.

తమాషా ఏమిటంటే 1986లో 'ది కలర్ ఆఫ్ మనీ' అని ఒక సినిమా వచ్చింది. పాల్ న్యూమన్‌కి ఆస్కార్ తెచ్చిపెట్టిన సినిమా. అందులో గురువు శిష్యుడికి బాలబుష్క కర్ర ఇస్తాడు. దాంతో పూల్ ఆట తెలియనివాళ్ళకి కూడా ఆ పేరు తెలిసింది. కానీ తెరమీద కనిపించేది బాలబుష్క కాదు, అచ్చం అలాగే కనపడేట్టు జాస్ అనే వేరే కంపెనీ చేసిన కర్ర!

ఇంకో సంగతి కూడా చెప్పాడు పెద్దాయన. ఆ అతుకుపని అంతా బాలబుష్క చెయ్యిదే కాదట. మొదట్లో బ్రన్స్‌విక్ కంపెనీ కార్ఖానాలో అతుకు వేసిన కర్రలు తెచ్చి, వాటిని తన పద్ధతిలో మలుచుకునేవాడు. తరవాత బర్టన్ స్పెయిన్, గస్ జాంబోటి అనే పనివాళ్ళు చేసిచ్చారు. వాళ్ళ పేర్లు కూడా ఈ సరదా వున్నవాళ్ళకి తెలుసు. కార్ఖానాలో కట్టెకి కట్టె అతికించినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికి తెలుస్తాయి?

"మరి వీటితో ఆడతారా?" అని అడిగించాను.

ఆయన తల అడ్డంగా వూపి, మూలనున్న ఒక పాతకర్ర చూపించాడు. దారం మాసిపోయి, చెయ్యి పడ్డచోట నిగనిగలాడుతోంది. "ఆడేది దానితోనే. ఇవి ఆడితే అరుగుతాయి. ముందుకట్టె తుడిచి తుడిచి సన్నబడిపోతుంది, మార్చాల్సి వస్తుంది. మార్చాక అది ఆయన కర్ర కాదు. ఇది అరిగిపోతే ఇంకోటి చేసేవాడు లేడుగా" అన్నాడు. కొనేవాళ్ళు కూడా ముట్టుకోని కర్రకే ఎక్కువ ధర పెడతారట. మళ్ళీ మెరుగు పెట్టించినా విలువ తగ్గిపోతుందట.

కోడలు ఈ మాటలన్నీ నాకు తెలుగు చేసి చెప్తోంది. "అరిగిపోతే ఇంకోటి చేసేవాడు లేడు" అన్న దగ్గర దాని గొంతు కొంచెం మారింది. ఎందుకంటే మూడేళ్ళ కిందట సరిగ్గా ఆ మాటే నేను దానితో అన్నాను.

ఇప్పుడా కథ చెప్తాను. మా నాన్న 1968లో మా అమ్మకి గద్వాల చీర కొన్నారు. మాది కర్నూలు, గద్వాల దగ్గరే. కనకాంబరం రంగు నూలు వొళ్ళు, ఆకుపచ్చ పట్టు అంచు, బారెడు జరీ కొంగు. ఆయన జీతానికి అది పెద్ద ఖర్చే. అమ్మ ఒక్కసారి కట్టుకుని, "మంచిరోజుకి వుంటుంది" అని పెట్టెలో పెట్టేసింది. ఏ పండగొచ్చినా అంతకంటే మంచిరోజు ముందుందనే అనుకునేది. 1979లో నాన్న పోయారు. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో భర్త పోయినావిడ జరీ అంచు కట్టేది కాదు. ఇంక మంచిరోజు అన్నది రానేలేదు. ఆ చీర నాకిచ్చేటప్పుడు అమ్మ ఏమీ అనలేదు. నేనూ దాన్ని అలాగే బీరువా పై అరలో పెట్టాను. నా దృష్టిలో అది చీర కాదు, అమ్మ.

కోడలు కాపురానికొచ్చిన కొత్తల్లో వరలక్ష్మీవ్రతానికి, "అత్తయ్యా, అమ్మమ్మగారి చీర కట్టుకోనా?" అని అడిగింది. "వద్దమ్మా, చిరిగితే మళ్ళీ అలాంటిది నేసేవాళ్ళు లేరు" అన్నాను. అది సరేనని వేరే చీర కట్టుకుంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడమే నాకు ముల్లులా వుండిపోయింది.

ఇంతకీ ఎవరిది న్యాయం? పెద్దాయన్ని లోభి అనడానికి నాకు నోరు రాదు. ఆడేవాళ్ళందరూ ఆడి అరగదీసి వుంటే బాలబుష్క పనితనం ఎలాంటిదో ఇవాళ చూడ్డానికి ఒక్క కర్ర మిగిలేదా? దాచేవాడు లేకపోతే తరవాతి తరానికి నమూనా వుండదు. కొత్తగా నేర్చుకునే పనివాడు ఇలాంటి పాతవి చూసే కదా నేర్చుకోవాలి! మ్యూజియంలు వుండేది అందుకే.

కానీ ఆ చేసినాయన సంగతి ఆలోచించండి. కట్టె వంకర పోకూడదని నెలల తరబడి కాచుకున్నాడు. ఫలానా మనిషి చేతికి సరిపోవాలని తూకం చూశాడు. దెబ్బ తగిలినప్పుడు చేతికి ఎలా వుంటుందో తనూ ఆటగాడు కనక తెలిసి చేశాడు. ఆ శ్రమంతా బంతిని కొట్టడానికే. కొట్టని కర్రకి వంకర పోకుండా వుండాల్సిన అవసరం ఏముంది? ఎప్పుడూ తన పని చెయ్యని కర్రకే అన్నింటికంటే ఎక్కువ ధర అంటే, మనం మెచ్చుకుంటున్నది పనితనాన్నా, దొరక్కపోవడాన్నా?

ఈ ప్రశ్న నన్ను నేను వేసుకున్నాను. నేను కాపాడుతున్నది అమ్మ చీరనా, నా భయాన్నా? ఇంకొకరి వొంటిమీద చూస్తే అమ్మ నాకు కొంచెం తక్కువైపోతుందనే కదా నా బాధ? పెద్దాయన కర్రలకి కాపలా కాస్తున్నాడు, కాదనను. ఆయన చేత్తో కొన్నవి, ఆయన ఇష్టం. కానీ నేను కాపలా కాసింది ఆ చీర కట్టుకోవాలని ఆశపడి, కట్టుకోలేకపోయిన మనిషి చీరకి. తీరని కోరికని భద్రంగా దాచి, అది భక్తి అనుకున్నాను.

కర్నూలు వచ్చిన మర్నాడే పై అర తీశాను. మల్లుగుడ్డ విప్పి చూస్తే కొంగుదగ్గర ఒక మడత బారునా పట్టు పగిలిపోయి వుంది. ఏళ్ళతరబడి అదే మడతలో వుంచితే పట్టు ఆ గీత దగ్గరే విరుగుతుందని ఎన్నిసార్లు వినలేదు! అప్పుడప్పుడూ తీసి మడత మార్చాలని కూడా తెలుసు. తీస్తే అమ్మ గుర్తొస్తుందని తియ్యలేదు. కట్టుకుంటే చిరుగుతుందని దాచిన చీర కట్టుకోకుండానే చిరిగింది. చాలాసేపు దాన్ని వొళ్ళో పెట్టుకుని కూచున్నాను.

రఫూ చేసే అతను చూసి, "అతుకు కనపడుతుందమ్మా, కానీ నిలుస్తుంది" అన్నాడు. అంచు తిరగేసి ఆ కుప్పడం పని చూసి, "ఎవరు నేశారో గానీ!" అని ఒక్క క్షణం ఆగాడు. ఆ కర్రకైతే చేసినాయన పేరుంది, పుట్టిన సంవత్సరం వుంది. ఈ చీర నేసిన చేతులెవరివో నాకు తెలియదు. అమ్మ అడిగి వుండదు, నేనూ అడగలేదు. వాళ్ళకి ఇంక మనం చెల్లించగల బాకీ ఒకటే, వాళ్ళు దేనికోసం నేశారో దానికి వాడడం. వాడుతూ, మడత మారుస్తూ, చిరిగితే బాగు చేయించుకుంటూ వుండడం. దాచడమూ కావాలి, వాడడమూ కావాలి. రెంటికీ మధ్య ఇంటి ఇల్లాలు చేసే ఆ చిన్న చాకిరీయే అసలు కాపలా అని నాకిప్పుడనిపిస్తోంది.

మనవడి మొదటి పుట్టినరోజుకి పిల్లలు ఇండియా వచ్చారు. ఆ పొద్దున చీర తీసి కోడలి చేతిలో పెట్టాను. అది మాట్లాడలేదు. కట్టుకొచ్చి ఎదురుగా నిలబడింది. కొంగుమీద అతుకు కనపడుతూనే వుంది. అమ్మలా వుందని చెప్పను. దాని మటుకు అదే, చాలా బాగుంది.

పంక్తిలో కూచోగానే మనవడు పాయసం చెయ్యి తెచ్చి వాళ్ళమ్మ కుచ్చిళ్ళకి రాశాడు. నా గుండె గుభేలుమంది, అబద్ధమెందుకు? కోడలు భయంగా నా మొహంలోకి చూసింది. "ఫరవాలేదులే, ఉతుక్కుందాం" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎన్నేళ్ళు పట్టిందో!