తెలుసా? వచ్చా?

తెలియడానికి ఇంగ్లీషులో వాడే ‘నో’ అనే క్రియతో మా కాలేజీ పిల్లలకు ఏటా పేచీయే. ‘ఐ నో స్విమ్మింగ్’ అని రాసేవారు. ‘హౌ టు’ ఏదిరా అని ఎర్ర సిరాతో దిద్దేవాణ్ణి. ఆ దిద్దుబాటు వెనక పెద్ద తత్త్వచర్చే ఉంది.

సంగతి తెలియడం వేరు, పని చేతనవడం వేరు అని గిల్బర్ట్ రైల్ 1949లో ‘ద కాన్సెప్ట్ ఆఫ్ మైండ్’లో వాదించాడు. 2001లో జేసన్ స్టాన్లీ, తిమొతీ విలియమ్సన్ కాదన్నారు. ఎలా చేయాలో తెలియడం కూడా ఒక సంగతి తెలియడమేనట! వాళ్ల వాదానికి పెద్ద ఆసరా ఇంగ్లీషు వాక్యనిర్మాణం. రెంటికీ ఒకే క్రియ వాడే భాషలో అలా తోచడం వింతేమీ కాదు.

తెలుగింట్లో ఈ వాదం నిలవదు. ‘ఈత ఎలా కొట్టాలో తెలుసు గానీ, నాకు ఈత రాదు’ అంటే ఎవరూ తప్పుపట్టరు. అరిసెల పాకమే చూడండి. ఉడికే బెల్లంలోంచి చుక్క తీసి నీళ్లలో వేసి, వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తగా ఉండ కట్టాలి. ఈ సంగతి నాకు పెళ్లినాటి నుంచీ తెలుసు. పాకం పట్టడం మాత్రం మా ఆవిడకే వచ్చు. నేను పట్టిన పాకంతో చేసిన అరిసెలు నూనెలోనే విడిపోయాయి.

మరి బ్రహ్మజ్ఞానం ఏ కోవలోది? ఛాందోగ్యం ఏడో అధ్యాయంలో నారదుడు సనత్కుమారుడి ముందు తన చదువుల చిట్టా విప్పుతాడు: వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, నక్షత్రవిద్య, చివరికి సర్పవిద్య. ఇన్ని చదివీ మంత్రాలు తెలిసినవాణ్ణే అయ్యాను, ఆత్మ తెలియలేదు, శోకం తీరలేదు అంటాడు. అయితే ఇదీ పాకం లాంటిదే, సాధన చేస్తే వచ్చేస్తుంది అని మన ఉపన్యాసకులు చప్పున తేల్చేస్తారు.

శంకరుడు ఒప్పుకోడు. పనైతే మనిషి చేయొచ్చు, మానొచ్చు, ఇంకోలా చేయొచ్చు అంటాడు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే. జ్ఞానానికి ఆ వీలు లేదు. వస్తువు ఎలా ఉందో అలాగే తెలియాలి. సాధన మనసును శుభ్రం చేసిపెడుతుంది, అంతవరకే.

నా ఓటు శంకరుడికే. నారదుడి చిట్టాలో నేర్పులకు కొదవ లేదు. మరో విద్య చేరిస్తే పోయే శోకమైతే ఎప్పుడో పోయేది. ఆత్మజ్ఞానం నేర్పిస్తామని బోర్డు కట్టినవాళ్ల దగ్గర ఊపిరి పట్టడం, నిటారుగా కూర్చోవడం నేర్చుకోండి, ఫీజూ కట్టండి. రసీదు మీద బ్రహ్మజ్ఞానం అని రాస్తే మాత్రం ఊరుకోకండి.