వ్రేలిముద్రయు అక్షరమును



ప్రతి నెల ఒకటవ తేదీన మన రేణిగుంట వీధులలో సచివాలయ సిబ్బంది యింటింటికి వచ్చి పింఛను ఇచ్చుచున్నారు. 1995లో కేంద్ర ప్రభుత్వము వృద్ధాప్య పింఛను ఆరంభించినప్పుడు దాని పాలు నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రములో 2024 జూలై నుండి వృద్ధులకును వితంతువులకును 4000 రూపాయలు చేతికి వచ్చుచున్నవి. ఇది మేలే. అయితే సహాయము పొందువారిని గూర్చి మన మధ్య ఒక మాట తరచుగా వినబడుచున్నది: ఊరకే యిచ్చుటకంటె నాలుగక్షరములు నేర్చుకొన్నవారికే యిచ్చిన బాగుండును గదా అని. దీనిని కొంచెము ఆలోచింతము.

రూతు బోయజు పొలములో పరిగె యేరుకొన్నప్పుడు ఆమెకు ఎవరును పరీక్ష పెట్టలేదు. పరిగె బీదలకును పరదేశులకును ధర్మశాస్త్రమే యిచ్చిన హక్కు. బోయజు ఆమెను సిగ్గుపరచవద్దని పనివారితో చెప్పెను, కొన్ని పిడికెళ్లు కావలెననియే విడువుమనెను. డెబ్బది యేండ్ల అవ్వకు కండ్లు మసకలై పలక కనబడదు. అందుకై ఆమె గంజి ఆపుదుమా? ఆకలిని అడ్డుపెట్టి బడికి రప్పించుట మాకు న్యాయముగా తోచదు.

అట్లని, ఈ వయస్సులో వారికి చదువెందుకు, యంత్రముపై వ్రేలు పెట్టిన చాలదా అనువారితోను మేము ఏకీభవింపలేము. పూర్వము వ్రేలిముద్ర వేయుట సిగ్గు. ఇప్పుడు పట్టభద్రుడును యంత్రముపై వ్రేలు పెట్టుచున్నాడు గనుక ఆ సిగ్గు పోయినది. (మట్టిపనిలో అరిగిన వ్రేళ్లను ఆ యంత్రము పలుమారులు గుర్తింపదు, అది వేరొక బాధ.) సిగ్గు పోయినను అవసరము పోలేదు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకము ఆరంభమైనది. దాని కూలి బ్యాంకు ఖాతాలోనో పోస్టాఫీసు ఖాతాలోనో పడుచు వచ్చెను. ఎంత పడెనో తెలియవలెనన్న పాసుపుస్తకములోని అంకె చదువవలెను. చదువరాని కూలికి కాగితము మరియొకడు నింపును, నింపినవాడు టీ డబ్బులు అడుగును. ఫోనుకు వచ్చిన సంఖ్యను ఎవరో అడుగగా చెప్పి ఉన్నది పోగొట్టుకొన్నవారును గలరు. చదువుకొన్నవారును పోగొట్టుకొనుచున్నారనుకొనుడి.

లూకా సువార్త 16వ అధ్యాయములో అన్యాయస్థుడైన గృహనిర్వాహకుడు ఋణస్థులను పిలిచి వారి చీట్లను వారిచేతనే తిరిగి వ్రాయించెను. వారు వ్రాత వచ్చినవారు. చీటి చదువలేనివాడైతే అప్పు నూరైనను ఏబదియైనను, నిర్వాహకుని నోట వచ్చినదే లెక్క. సహాయము ఇంటికి వచ్చినంత మాత్రమున ఈ స్థితి మారదు.

మన పొరుగు నెల్లూరు జిల్లా సంగతి చూడుడి. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము నడిచెను. రాత్రి బడులలో సీతమ్మ కథ అను పాఠము చదివిన దూబగుంట స్త్రీలు, ఈ కథ మాదే గదా అనుకొని తమ ఊరిలో సారా అమ్మకము ఆపివేయించిరి. ఆ పోరాటము రాష్ట్రమంతట వ్యాపించి 1993లో సారా నిషేధము వచ్చెను. బడికి రానిదే కూలి లేదని ఎవరును వారిని బెదరింపలేదు. పాఠము వారి యింటి బాధను పలికినది గనుక వారు నేర్చుకొనిరి.

చిత్తూరు జిల్లాలోను ఆ కాలమున అట్టి ఉద్యమము నడిచినది. కాని నేర్చినదానిని చదువుటకు ఊరిలో పుస్తకము లేకపోయిన అక్షరము నిలువదు. 2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేండ్లు నిండినవారిలో నూటికి 67 మందియే చదువ నేర్చినవారు. 2022లో వయోజనులకై మరల ఒక పథకము మొదలైనది, దానిని ఇప్పుడు ఉల్లాస్ అందురు. అందులో బోధించువారు జీతగాండ్రు కారు, స్వచ్ఛందముగా వచ్చువారు.

అట్లు వెళ్లదలచిన మన యౌవనులు అ ఆలతోనే ఆరంభింపనక్కరలేదు. ఏమి నేర్చుకొందువమ్మా అని మొదట అడుగుడి. ఒక అక్క పాసుపుస్తకము చాపును. ఒక తాత తిరుపతి బస్సు బోర్డు గుర్తుపట్టిన చాలుననును. ఒక అవ్వ తన పేరు మాత్రము వ్రాయగోరును, మరియొక అవ్వ నాకేమియు వద్దు నాయనా అనును. ఆమె పింఛను ఒకటవ తేదీన ఆమెకు రావలసినదే. ఆమె మనుమరాలు గడపలో కూర్చుండి వినుచుండును గనుక, పలక ఆ యింటనే ఉంచి రండి.