ఆబాదీ లేని ఆబాద్

మా మెదక్‌కి ఒకప్పుడు గుల్షనాబాద్ అని పేరుండేది. హైదరాబాద్, సికిందరాబాద్, నిజామాబాద్, ఆదిలాబాద్ - తెలంగాణలో ఈ 'ఆబాద్'లు ఎన్నో. వీటిని మార్చి వేరే పేర్లు పెట్టాలనేవాళ్లకి జవాబు చెప్పడం ఇక్కడ నా పని కాదు. రోజూ ఆ పేర్లు పలికే మనం వాటి అర్థం గురించి ఎన్నడన్నా ఆలోచించామా అన్నదే నా ప్రశ్న. ఆబాద్ అంటే గోడలు కట్టిన చోటు కాదు, మనుషులు నివసించే చోటు. ఆబాదీ అంటే జనాభా. గోడలన్నీ నిలబడే ఉన్నా మనుషులు లేకపోతే ఉర్దూలో 'వీరాన్' అంటారు. తెలుగులో పాడుబడిందంటాం. రెండు భాషలూ చెప్పేది ఒక్కటే.

కొన్నేళ్లుగా హైదరాబాద్ నడిబొడ్డున పాత కట్టడాలను మళ్లీ నిలబెట్టే పని సాగుతోంది. ప్రభుత్వ శాఖలు డబ్బు పెడుతున్నాయి. చిన్న చిన్న ఆర్కిటెక్టుల సంస్థలు నక్షాలు గీస్తున్నాయి. సున్నం, గచ్చు తెలిసిన మేస్త్రీలకు మళ్లీ గిరాకీ వచ్చింది. ఇది మంచి పని. వద్దనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. కట్టడాన్ని కాపాడటం అంటే దాని చుట్టూ బతుకుతున్నవాళ్లతో సహా కాపాడటమా, లేక వాళ్ల నుంచి దాన్ని కాపాడటమా?

సికిందరాబాద్ బన్సీలాల్‌పేటలో ఒక మెట్ల బావి ఉంది. నాగన్నకుంట అని కూడా అంటారు. దశాబ్దాలపాటు అది చెత్తకుప్ప కింద సమాధి అయిపోయింది. కల్పనా రమేశ్ అనే ఆర్కిటెక్టు, ఆమె నడిపే రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ సంస్థ, ప్రభుత్వంతో కలిసి దాన్ని తవ్వి తీశారు. లారీల కొద్దీ చెత్త పోయింది, కింద నీళ్లు కనిపించాయి. 2022 డిసెంబర్‌లో దాన్ని జనానికి తెరిచారు. చుట్టూ ఉన్నది పేదల బస్తీ. బావి బాగుపడటానికి ఆ బస్తీ లేచిపోనక్కర్లేదని అక్కడ తేలింది.

మొజంజాహీ మార్కెట్ సంగతి చూడండి. 1935లో నిజాం కాలంలో కట్టిన రాతి మార్కెట్. పండ్ల వ్యాపారం 1980లలో అక్కడినుంచి తరలిపోయింది. తర్వాత రేకుల షెడ్లు, బోర్డులు, వైర్లు ఆ రాయిని కమ్మేశాయి. 2018లో మరమ్మతు మొదలై 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. గడియారం తిరిగింది, రాయి బయటపడింది. అంతకన్నా నాకు సంతోషం కలిగించింది మరొకటి. పాత ఐస్‌క్రీం దుకాణాలు అక్కడే ఉన్నాయి. సాయంత్రం పిల్లల్ని వెంటేసుకొని బుర్ఖా వేసుకున్న తల్లులూ వస్తారు, బొట్టు పెట్టుకున్న తల్లులూ వస్తారు. ఉర్దూలో దీనికే 'రౌనఖ్' అని పేరు. రౌనఖ్‌ని ఏ ఆర్కిటెక్టూ గీయలేడు. చెడగొట్టకుండా వదిలేయగలడు, అంతే.

చార్మినార్ దగ్గరికొస్తే విషయం ఇంత సులువు కాదు. చుట్టూ వాహనాలు లేకుండా చేయాలన్న ఆలోచన 1990లనాటిది. కట్టడానికి ప్రమాదం ఉన్నమాట నిజమే. 2019 మే నెలలో ఒక మినార్ మీది సున్నపు నగిషీ ఊడి కిందపడింది. పొగ, అదురు దానికి మంచివి కావు. ఎవరైనా ఒప్పుకోవాలి. అయితే పొగ వదిలేది మోటారు బండ్లు. గాజులూ పండ్లూ పెట్టుకునే తోపుడు బండికి పొగ గొట్టం లేదు. అయినా పాత బజార్ల 'అందం' మాట వచ్చిన ప్రతిసారీ ముందు బెదిరేది తోపుడు బండివాడే. ఎందుకు? నక్షాలో గోడ ఉంటుంది, తలుపు ఉంటుంది, మెట్టు ఉంటుంది. తోపుడు బండి ఉండదు. దానికి చక్రాలున్నాయి కాబట్టి ఎక్కడికైనా పోగలదని నక్షా గీసేవాడి లెక్క. ముప్పై ఏళ్లుగా ఆ బండి అదే చోట నిలబడిందని నక్షాకి తెలియదు.

చట్టానికి మాత్రం తెలుసు. 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు వాళ్లను లెక్కించాలి. కమిటీలో కనీసం 40 శాతం వాళ్లే ఉండాలి. యాభై ఏళ్లకు పైగా వీధి వ్యాపారులు నడుపుతున్న బజారును వారసత్వ బజారుగా ప్రకటించాలనీ, అక్కడివాళ్లను తరలించకూడదనీ ఆ చట్టం రెండో షెడ్యూలు చెబుతోంది. అంటే ఈ దేశపు చట్టం దృష్టిలో రాయి ఒక్కటే వారసత్వం కాదు. బేరం కూడా వారసత్వమే.

ఇక మన సంగతి. ఈ దేశంలో ముస్లింకు ఒక విచిత్రమైన అనుభవం ఉంది. వాడి గుమ్మటం పోస్టరు మీద ఉంటుంది. వాడి బిర్యానీ, వాడి గజల్, వాడి అత్తరు అందరికీ ఇష్టం. వాడికి మాత్రం ఇల్లు అద్దెకివ్వరు. కట్టడం 'మన వారసత్వం', దాని నీడన ఉండేవాడు 'పాతబస్తీవాడు'. చనిపోయినవాళ్ల మీద ప్రేమ, బతికున్నవాళ్ల మీద అనుమానం! మనుషుల్ని ఖాళీ చేయించి రాళ్లకు రంగుదీపాలు పెడితే ఈ అన్యాయానికి విద్యుత్ కనెక్షన్ ఇచ్చినట్టే.

మనవాళ్లను కూడా ఒక మాట అడగాలి. చార్మినార్‌ని చూసి మేం పాలించామని గుండెలు చరుచుకునే భాయీలారా! పాలించింది ఎవరు? మీ తాత నవాబా? మనలో నూటికి తొంభైమంది దూదేకినవాళ్ల, కసాబుల, ఫకీర్ల, కూలీల పిల్లలం. ఆ రాళ్లమీద మనకేదైనా హక్కుంటే అది ఏలిన హక్కు కాదు, మోసిన హక్కు. ఆ హక్కులో మాల మాదిగలు, వడ్డెరలు కూడా మనతో సమానంగా భాగస్తులు. ఆ మాట ఒప్పుకున్ననాడు ఈ పోట్లాట ముస్లింల పోట్లాటగా మిగలదు.

ఈ మాటలన్నీ మెదక్‌లో కూర్చుని ఎందుకు రాస్తున్నాను? మాకూ ఆ రోజు దగ్గరపడుతోంది. 2016లో మెదక్ పట్టణం జిల్లా కేంద్రమైంది. 2022లో రైలు వచ్చింది. 2023లో కొత్త కలెక్టరేట్ వచ్చింది. గుట్ట మీద కాకతీయుల నాటి ఖిల్లా, అందులో కుతుబ్‌షాహీల మసీదు, కింద చర్చి. మూడు మతాల గుర్తులూ ఒక్క చూపులో కనిపించే ఊరు. రేపు ఏదో ఒక సంస్థ నక్షా పట్టుకుని తప్పకుండా వస్తుంది. రావాలి కూడా.

వాళ్లకి చూపించడానికి మా ఊళ్లోనే ఒక పాఠం ఉంది. చర్చి నక్షా ఇంగ్లండులోని బోల్టన్ పట్టణంలో బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్ అనే ఆర్కిటెక్టుల సంస్థ గీసింది. 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రారంభించారు. కానీ ఈ ప్రాంతం వాళ్లు దాన్ని గుర్తుపెట్టుకున్నది నక్షాతో కాదు. కరువు రోజుల్లో పోస్నెట్ దొర జనానికి పనిచ్చి, తిండి పెట్టి కట్టించాడని. మతం సంగతి పక్కన పెట్టండి. ఆ కట్టడం ఆకాశానికి లేవకముందే ఆకలికి అన్నం పెట్టింది. దాని అందం చూడకముందే జనం దాని కూలి తిన్నారు.

అందుకే ఆర్కిటెక్టులకు నా విన్నపం ఒకటే. టేపు పట్టి గోడ కొలిచే ముందు ఆ గోడకు ఆనుకుని బతికే మనుషుల్ని లెక్కపెట్టండి. పని పూర్తయి రిబ్బన్ కత్తిరించే రోజున మళ్లీ లెక్కపెట్టండి. రెండు లెక్కలూ సరిపోతే మీరు ఊరిని బతికించారు. తగ్గితే మీరు చేసింది సమాధికి సున్నం వేయడమే, అది ఎంత తెల్లగా ఉన్నా సరే. మెదక్ అనే పేరు 'మెతుకు' నుంచి వచ్చిందంటారు. ఇక్కడ గీసే ఏ నక్షా అయినా ముందు ఆ మాటకి జవాబు చెప్పాలి.