గింజ పెట్టి నేర్పితే అది లంచమా?



నిర్మల్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. తనకు హైదరాబాద్‌లో ఉద్యోగం, ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమెకు తోడుగా ఉంటుందని రెండేళ్ల కింద ఎవరో ఒక రామచిలక పిల్లను తెచ్చిచ్చారు. ఇప్పుడది పొద్దున లేస్తే ఒకటే అరుపు, చెయ్యి దగ్గరికి పోతే రక్తం వచ్చేలా కొరుకుడు. తమ్ముడు వీడియోలు చూసి, అది నెమ్మదిగా ఉన్నప్పుడల్లా ఒక పొద్దుతిరుగుడు గింజ ఇద్దాం, మెల్లగా మారుతుంది అన్నాడట. అమ్మ ఒక్కటే మాట అన్నది: "గింజలిచ్చి మంచిగ చేసుడేంది బిడ్డా, గది లంచం కాదా?" అన్నా, ధర్మం ప్రకారం ఎవరి మాట కరెక్ట్ అని తమ్ముడి ప్రశ్న.

నవ్వి వదిలేసే ప్రశ్న కాదండి ఇది. పిల్లలకు చాక్లెట్ చూపించి హోంవర్క్ చేయించే ప్రతి ఇంట్లోనూ ఉన్న ప్రశ్నే.

మన పెద్దలు నాలుగు ఉపాయాలు చెప్పారు కదా, సామ దాన భేద దండాలు. దండం ఆఖరిది. చిలక విషయంలో మనవాళ్లు చాలామంది ఆఖరిదానితోనే మొదలుపెడతారు. కొరికితే ముక్కు మీద కొట్టడం, అరిస్తే నీళ్లు చల్లడం, పంజరం మీద దుప్పటి కప్పడం. దానివల్ల చిలక ఏం నేర్చుకుంటుంది? చెయ్యి అంటే భయం అని నేర్చుకుంటుంది. భయపడ్డ పక్షి ఇంకా గట్టిగా కొరుకుతుంది.

అసలు చిలక కొరికే ముందు చాలా చెబుతుంది. కంటిపాప చిన్నదీ పెద్దదీ అవుతుంటుంది, ఈకలు ఒంటికి అతుక్కుంటాయి లేదా నిక్కబొడుచుకుంటాయి, ఒళ్లు వెనక్కి వాలుతుంది. అదంతా "వద్దు" అన్నమాటే. మనం వినం. అప్పుడు కొరుకుతుంది, మనం చెయ్యి లాక్కుంటాం. చూశారా, దానికి కావలసింది దొరికింది! కొరికితేనే పని అవుతుందని దానికి నేర్పింది మనమే. అరుపు కూడా అంతే. అడవిలో చిలకలు గుంపులో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఇంట్లో గుంపు అంటే మనమే. అది అరవగానే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "నోర్ముయ్" అని మనం అరుస్తాం. దాని దృష్టిలో అది తిట్టు కాదు, పిలిస్తే పలికారు అని.

కాబట్టి తమ్ముడు చెప్పిన పద్ధతిలో విషయం ఉంది. అరిచినప్పుడు పలక్కుండా, చిన్నగా ఈల వేసినప్పుడు, నెమ్మదిగా కూర్చున్నప్పుడు వెంటనే పలకాలి. ఒక పుల్ల చూపించి, అది ముక్కుతో తాకగానే "భేష్" అని, ఆ క్షణంలోనే గింజ ఇవ్వాలి. ఆలస్యమైతే గింజ దేనికిచ్చారో దానికి అర్థం కాదు. రోజుకు రెండు మూడు సార్లు, ఐదేసి నిమిషాలు చాలు. ఆకలితో మాడ్చి నేర్పకూడదు, దానికి బాగా ఇష్టమైన గింజను మాత్రం ఈ పాఠానికి దాచిపెట్టుకోవాలి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. నలుగురు ఊరుకున్నా, ఒక్కరు అప్పుడప్పుడూ అరుపుకు లొంగితే అలవాటు ఇంకా గట్టిపడుతుంది. ఎప్పుడో ఒకసారి దొరికే బహుమానానికే ప్రాణి ఎక్కువ అతుక్కుంటుందని అమెరికాలో స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాలతో, ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో చూపించాడు. రాత్రి పన్నెండింటికి మనం రీల్స్ జరుపుతూ కూర్చునేదీ ఆ లెక్కనే లెండి.

మరి అమ్మ అన్న లంచం సంగతి?

నిర్మల్ వాళ్లకు బాసర గురించి నేను చెప్పనక్కర్లేదు, వాళ్ల జిల్లాలోదే. వ్యాసుడు గోదావరి ఇసుక పిడికిళ్లతో తెచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించాడని క్షేత్రకథ. ఆ వ్యాసుడి కొడుకు పేరు శుకుడు. ఘృతాచి అనే అప్సరస ఆడచిలక రూపంలో కనబడ్డప్పుడు పుట్టాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని భారతం శాంతిపర్వంలో ఉంది. భాగవతాన్ని పరీక్షిత్తుకు చెప్పింది ఆయనే. ఆ భాగవతం ఏకాదశ స్కంధంలో ఒక మాట వస్తుంది: వేదం మనతో పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడుతుందని, బిడ్డకు మందు ఇచ్చినట్టు కర్మలు చెబుతుందని. బెల్లం ఆశ చూపి చేదు మందు తాగించే తల్లి గుర్తొస్తుంది కదా. ఈ వ్రతం చేస్తే ఇది వస్తుంది అనే ఫలశ్రుతిని పెద్దలు అలాగే అర్థం చేసుకున్నారు. బెల్లం పెట్టిన తల్లిని లంచం ఇచ్చింది అని ఎవరూ అనరు. ఎందుకంటే మందు వల్ల బాగుపడేది బిడ్డ. లంచంలో లాభం ఇచ్చేవాడిది, అది తీసుకున్నవాడి ధర్మాన్ని తప్పిస్తుంది. కాబట్టి గింజ ఇచ్చామా లేదా అన్నది కాదు, ఆ పాఠం వల్ల బాగుపడేది ఎవరు అన్నది చూడాలి.

ఇక్కడ అమ్మ మాటకు నేను కొంచెం తల వంచుతాను.

చిలకజోస్యం చూసే ఉంటారు. పంజరం తలుపు తీస్తాడు, చిలక బయటికి వస్తుంది, ముక్కుతో ఒక కార్డు లాగి ఇస్తుంది, ఒక వడ్లగింజ తీసుకుంటుంది, మళ్లీ తనే లోపలికి పోతుంది. కర్ర లేదు, తిట్టు లేదు. బహుమానంతో నేర్పడం మనకు విదేశాల నుంచి రాలేదు, ఆ జోస్యుడికి ఎప్పుడో తెలుసు. కానీ ఆ చిలక రెక్కలు చూడండి, చాలాసార్లు ఈకలు కత్తిరించి ఉంటాయి. పద్ధతి మెత్తగా ఉన్నంత మాత్రాన పని ధర్మం అయిపోదు. (ఆ జోస్యుడు పొట్టకూటికి చేశాడు, సరదాకి పెంచే మనం ఆయన్ని వేలెత్తి చూపడం బాగుండదు.)

భారతం అనుశాసనిక పర్వంలో ఇంకో చిలక ఉంది. ఒక వేటగాడి విషబాణం గురి తప్పి పెద్ద చెట్టుకు తగులుతుంది, చెట్టు ఎండిపోతుంది. పక్షులన్నీ వెళ్లిపోతాయి, తొర్రలో ఉన్న చిలక మాత్రం కదలదు. ఇంద్రుడు వచ్చి, ఇన్ని పచ్చని చెట్లుండగా ఇదెందుకు అని అడిగితే, నేను పుట్టి పెరిగింది దీనిమీదే, కష్టంలో ఎలా వదిలేది అంటుంది. వరం కోరుకోమంటే చెట్టు బతకాలని కోరుతుంది. భీష్ముడు ఈ కథను ధర్మరాజుకు చెప్పడానికి కారణం ఏమిటంటారు? ఆ చిలక ఎగిరిపోగలదు, అయినా ఉంది. తలుపు వేసి ఉంటే ఆ కథే లేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్న రామచిలక సంగతికి వద్దాం. భద్రాచల రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు ఎందుకు మగ్గాడంటే, పూర్వజన్మలో ఒక చిలకను పంజరంలో పెట్టిన ఫలం అని మన జనం చెప్పుకుంటారు. అంత భక్తుడికీ ఆ లెక్క తప్పలేదని కథ. నమ్మినా నమ్మకపోయినా, చట్టం మాత్రం స్పష్టం: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలకలను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. కవ్వాల్ అడవి నిర్మల్ జిల్లాలోకీ పరుచుకుని ఉంది. తొర్రలోంచి పిల్లను తీసినవాడు ఒక్క పిల్లను అమ్మి ఉంటాడు, దారిలో చచ్చినవి ఎన్నో లెక్కుండదు.

అలాగని తమ్ముడూ, ఇవాళే తలుపు తీసి వదిలేయొద్దు. చేతి మీద పెరిగిన పిల్లకు తిండి వెతుక్కోవడం, గద్దను గుర్తుపట్టడం రాదు. అటవీశాఖ వాళ్లకు చెప్పి అప్పగించండి. అప్పటిదాకా మాత్రం గింజ పాఠం ఆపకండి. ముందుగా నేర్పాల్సింది, తనంతట తానే చిన్న ప్రయాణపు పెట్టెలోకి నడిచి వెళ్లడం. గుడ్డ వేసి పట్టి కుక్కితే గుండె ఆగేంత భయపడుతుంది, గింజతో నేర్పితే నడిచి వెళ్తుంది. బాగుపడేది ఎవరు అంటే ఇక్కడ జవాబు తేలిక. అమ్మకు తోడు పోతుందే అన్న బాధ నిజమే. దానికి వారం వారం నువ్వు చేసే ఫోను, నెలకోసారి ఎక్కే నిర్మల్ బస్సు కావాలి. ఆ పని చిలక మీద పెట్టకూడదు.

బడ్జీలు, కాకటీల్‌లు, ఆఫ్రికన్ గ్రేలు పెంచేవాళ్లు చాలామంది ఉన్నారు మనలో. కొన్ని విదేశీ జాతులకు పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి, అది చూసుకోండి. ఆపైన నాది ఒకటే మాట: పుల్ల చూపించినప్పుడు అది తల తిప్పుకుంటే, పాఠం అయిపోయినట్టే. గింజ చూపించి బతిమాలొద్దు. "వద్దు" అంటే విన్నారని తెలిసిన చిలకకు కొరకాల్సిన అవసరం తగ్గుతుంది.

ఇంకొకటి. చిలకతో "జై శ్రీరామ్" అనిపించే రీల్స్ చాలామంది పంపుతున్నారు, ఎలా నేర్పాలి అని అడుగుతున్నారు. చిలకకు రామనామం నేర్పుతూ నేర్పుతూ ఒక వేశ్య తరించిందని భక్తుల కథల్లో ఉంది. ఆ కథలో వ్యూస్ కోసం వెయ్యిసార్లు అనిపించింది చిలకతో కాదు. దానికి వినబడాలని ఆమె తన నోటితో అనుకుంటూ పోయింది. మీరూ పొద్దున దీపం పెట్టేటప్పుడు దాని దగ్గర కూర్చుని అనండి. అది పలికితే గింజ ఇవ్వండి, పలక్కపోయినా ఇవ్వండి.