మాజూర్ అనే మాట

మా ఇళ్ళలో నడవలేనివాళ్ళని, చూపు లేనివాళ్ళని 'మాజూర్' అంటాం. ఉజ్ర్ ఉన్నవాళ్ళని దాని అర్థం. అంటే సబబైన కారణం ఉండి మినహాయింపు పొందినవాళ్ళు. నిలబడి నమాజు చదవలేనివాళ్ళు కూర్చుని చదవచ్చు. కూర్చోలేకపోతే పడుకుని సైగలతో చదవచ్చు. ఎంత దయగల ఏర్పాటు! అయితే ఇక్కడ మినహాయింపు నిలబడడానికే, నమాజుకి కాదు. మేమే ఆ మాటని సాగదీశాం. బడి నుంచి మినహాయించాం, కొలువు నుంచి మినహాయించాం, నికా నుంచి, ఇంటి సలహాల నుంచి మినహాయించాం. ఆడపిల్లయితే మరీ తేలిక. 'పాపం బచ్చీ, దానికెందుకు కష్టం' అంటే చాలు, తలుపు మూసుకుంటుంది.

కొన్నేళ్ళ కిందట ముస్లింల హక్కుల మీద మేం ఒక సభ పెట్టుకున్నాం. హాలు రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. వీల్‌ఛెయిర్‌లో వచ్చిన ఒక చెల్లెలు మెట్ల దగ్గరే ఆగిపోయింది. మాలో నలుగురు కుర్చీతో సహా ఎత్తుకొస్తామన్నారు. 'నన్ను పైకి మోయకండి భాయ్, సభని కిందికి దించండి' అంది. టైమైపోతోందన్నాం. ఆమె ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. పైన మేం రెండు గంటల సేపు మాట్లాడాం, ఈ దేశం మమ్మల్ని లెక్కలోకి తీసుకోవడం లేదని.

ఆ చెల్లెలికి జరిగిందే 1995లో ప్రపంచం ముందు జరిగింది. బీజింగ్ ప్రపంచ మహిళా సదస్సుకి తోడుగా, ఆ ఊరి బయట హువైరోలో స్వచ్ఛంద సంస్థల సమావేశం జరిగింది. లోకంలోని ఆడవాళ్ళందరి కోసం పెట్టిన ఆ చోట వికలాంగ మహిళలకి మెట్లు అడ్డమొచ్చాయి. వాళ్ళు అక్కడే నిరసన తెలిపారు. ఆ తర్వాత రెండేళ్ళకి, 1997లో, అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో యూజీన్ అనే ఊళ్ళో వికలాంగ మహిళలకి అంతర్జాతీయ నాయకత్వ శిక్షణ మొదలైంది. పెట్టింది మొబిలిటీ ఇంటర్నేషనల్ యూఎస్ఏ. 1981లో ఆ సంస్థని నెలకొల్పిన ఇద్దరిలో ఒకరైన సుసాన్ సైగల్ తానే వీల్‌ఛెయిర్ వాడే మనిషి. శిక్షణ ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే 'వైల్డ్' అవుతుంది. అదుపుకి లొంగనిది అని అర్థం. వికలాంగ స్త్రీ అంటే మూల కూర్చున్న అణకువ అనుకునేవాళ్ళకి ఆ పేరే ఒక జవాబు.

ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు దాదాపు మూడు వారాలు కలిసి గడిపారు. స్థానికుల ఇళ్ళలో బస. చట్టాలు, ఆరోగ్యం, హింస, బతుకుదెరువు మీద చర్చలు. విదేశీ సహాయ సంస్థల ప్రతినిధుల్ని కూడా పిలిచి కూర్చోబెట్టారు. ఎప్పుడూ లబ్ధిదారుల జాబితాలో ఉండే స్త్రీలు వాళ్ళకి పాఠం చెప్పారు. ఎత్తున కట్టిన తాళ్ళ మీద నడకలు, నదిలో పడవ ప్రయాణాలు కూడా శిక్షణలో భాగమే. తాళ్ళెక్కితే నాయకులవుతారా అని నవ్వొచ్చు. 'పడిపోతావు, కూర్చో' అనే మాట వింటూ పెరిగిన పిల్లకి, పడి లేచే హక్కు తనకీ ఉందని తెలియడం చిన్న పాఠం కాదు.

అమెరికా అనగానే మాకు మరో ఆలోచన వస్తుంది. 2001 తర్వాత అఫ్ఘనిస్తాన్‌లో, 2003 తర్వాత ఇరాక్‌లో జరిగిన యుద్ధాలు ఎందరిని కాళ్ళూ చేతులూ లేనివాళ్ళని చేశాయి! ఆ గడ్డ మీద నాయకత్వం నేర్చుకోవాలా? ప్రశ్న న్యాయమైనదే. కానీ అక్కడి వికలాంగుల హక్కులు వాళ్ళ ప్రభుత్వం పెట్టిన భిక్ష కాదు. 1973 చట్టంలోని 504వ సెక్షన్‌కి నిబంధనలు రాయకుండా నాన్చితే, 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ భవనంలోకి వందమందికి పైగా వికలాంగులు వెళ్ళి మూడు వారాలకి పైగా బైఠాయించారు. వాళ్ళకి వేడి భోజనం మోసుకొచ్చింది బ్లాక్ పాంథర్లు. అణగారినవాళ్ళు అణగారినవాళ్ళకి అన్నం పెట్టిన చరిత్ర అది. మేం నేర్చుకోవాల్సింది ఆ చరిత్ర దగ్గర.

ఇంకో అనుమానం కూడా ఉంది. విమానం ఎక్కేది ఇంగ్లీషు వచ్చినవాళ్ళే. పాతబస్తీ గదిలో కూర్చుని జర్దోసీ కుట్టే పోలియో కాలు పిల్లకి ఆ పిలుపు అందదు. నిజమే. అందుకే ఇలాంటి శిక్షణ విలువ సర్టిఫికెట్‌లో లేదు. వెళ్ళొచ్చినామె ఆ గది తలుపు తడుతుందా లేదా అన్నదానిలో ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగ స్త్రీలు కోటీ 18 లక్షలు. ఐక్యరాజ్యసమితి 2006 ఒప్పందంలో ఆరో అధికరణం వాళ్ళ కోసమే ఉంది. 2007లో భారత్ దాన్ని ఆమోదించింది. 2016లో కొత్త చట్టం వచ్చింది. కాగితం మీద వాళ్ళు హక్కుదారులు. మా మొహల్లాల్లో మాత్రం ఇంకా ఖైరాత్ అందుకునేవాళ్ళు. జకాత్ ఇస్తాం, రంజాన్‌లో బట్టలు ఇస్తాం. జమాత్‌లో మాట్లాడే చోటు ఇవ్వం. చెయ్యి చాచినవాళ్ళంటే మాకు ప్రేమ. చెయ్యెత్తి ప్రశ్నించేవాళ్ళంటే చికాకు.

ఖురాన్ 80వ సూరా మాకు తెలియనిది కాదు. ప్రవక్త కురైష్ పెద్దలతో మాట్లాడుతున్నప్పుడు అంధుడైన అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూం మధ్యలో వచ్చి అడిగాడు. ప్రవక్త మొహం చిట్లించారు. అల్లాహ్ దాన్ని సరిదిద్దాడు. ఈ కథని కరుణ పాఠంగా చెప్పి ఆపేస్తాం. మిగతా సగం చెప్పం. అదే అబ్దుల్లా తర్వాత బిలాల్‌తో పాటు అజాన్ ఇచ్చాడు. ప్రవక్త ఊళ్ళో లేనప్పుడు మదీనా బాధ్యత చూశాడు. కళ్ళు లేని మనిషికి దక్కింది జాలి కాదు, పెత్తనం.

ఈ దేశంలో మేం దయ అడగడం లేదు, వాటా అడుగుతున్నాం. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు అదే అన్నాం. మరి మాలోనే లెక్కకి రాని ఆడవాళ్ళు మమ్మల్ని వాటా అడిగితే దయ చూపించి పంపేస్తామా? ఇతరుల ముందు నిలిచే న్యాయం మా ఇంట్లో కూర్చోవద్దా?

వచ్చేసారి సభ కింది అంతస్తులోనే పెడదాం. ఆ చెల్లెలి ఇంటికి వెళ్ళి పిలుద్దాం. మా ఉపన్యాసాలు వినమని కాదు, సభకి అధ్యక్షత వహించమని. ఆమె వస్తుందో రాదో తెలియదు. రాకపోతే ఉజ్ర్ చెప్పుకోవాల్సింది ఆమె కాదు, మేం.