ముసలాయన విడవని మూట



ధమ్మ మార్గంలో ఉన్నవాళ్లు నవ్వించే నవలలు చదవొచ్చా అని కొందరు అడుగుతుంటారు. హాయిగా చదవండి. ఫ్రెంచి రచయిత రొమేన్ గారీ 1979లో ఎమిల్ అజార్ అనే మారుపేరుతో ఒక నవల రాశాడు. సాలమన్ రాజు వేదన అని దాని పేరుకు అర్థం.

అందులో సాలమన్‌కు 84 ఏళ్లు. పారిస్‌లో రెడీమేడ్ ప్యాంట్ల వ్యాపారం చేసి 'ప్యాంట్ల రాజు' అనిపించుకున్నాడు. ఆ వయసులో నీటుగా ముస్తాబై, ముందుముందు తనకేం జరుగుతుందో తెలుసుకుందామని జోస్యం చెప్పే ఆవిడ దగ్గరికి పోతాడు! మనకు నవ్వొస్తుంది. నవ్వాక ఆలోచించండి. ఆయనకు కావాల్సింది జోస్యం కాదు, 'నీకింకా రేపు ఉంది' అనే ఒక్క మాట. బుద్ధ భగవానుడైతే 80వ ఏట తన శరీరాన్ని కట్లు కట్టి నడిపే పాత బండితో పోల్చాడు. ముసలితనాన్ని దాచుకోలేదు.

సాలమన్ మంచివాడే. ఒంటరివాళ్ల ఫోన్లకు బదులు చెప్పే కార్యకర్తలకు తన ఇంట్లో చోటిచ్చాడు. దిక్కులేని ముసలివాళ్లకు టాక్సీ నడిపే కుర్రాడు జాన్ చేత కానుకలు పంపుతాడు. కానీ ఆయన గుండెలో ఒక మూట ఉంది.

జర్మన్లు పారిస్‌ను ఆక్రమించిన రోజుల్లో, యూదుడిగా పుట్టినందుకు నాలుగేళ్లు నేలమాళిగలో దాక్కుని బతికాడు. పుట్టుకను బట్టి మనిషిని వెలివేయడం, వేటాడటం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? ఆయన ప్రేమించిన గాయని కోరాకు ఆ చోటు తెలుసు. ఆమె పట్టివ్వలేదు. అలాగని ఒక్కసారైనా చూడటానికి రాలేదు. తర్వాత ఆమె చితికిపోతే ఆయనే ఆదుకున్నాడు, బతకడానికి డబ్బు ఏర్పాటు చేశాడు. కోపం మాత్రం ముప్పై ఏళ్లు దాటినా వదల్లేదు.

చూశారా, దానం ఉంది, మైత్రి లేదు. అందుకే అంత ఇచ్చినా ఆయనకు శాంతి లేదు.

అన్యాయాన్ని మరిచిపొమ్మని ధమ్మం చెప్పదు. బాబాసాహెబ్ ఏదీ మరవలేదు, మనల్నీ మరవనివ్వలేదు. కుల వ్యవస్థతో పోరాటం ఆగకూడదు. అయితే మనకోసం రాని మనిషి వేరు, మనల్ని వేటాడిన వ్యవస్థ వేరు. ఈ తేడా తెలియడమే ప్రజ్ఞ. మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన సంబంధమే ధమ్మమని బాబాసాహెబ్ చెప్పింది ఇందుకే.

చివరికి సాలమన్ ఆ మూట దించుకున్నాడు. జాన్ పూనుకోగా ఇద్దరు ముసలివాళ్లూ కలిసి నీస్ పట్టణానికి వెళ్లిపోతారు. ఆ వయసులో!

మీ ఇంట్లోనో, వాడలోనో మీరు మాట్లాడటం మానేసిన మనిషి ఎవరైనా ఉన్నారా? వచ్చే పున్నమికి విహారానికి వెళ్లేటప్పుడు వాళ్ల గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆగండి. 84 ఏళ్లు వచ్చేదాకా ఆగకండి.

నమో బుద్ధాయ! జై భీమ్!