ఏలీ లేచి వెళ్లలేదు

పాఠము: 1 సమూయేలు 3:1-18



మన సంఘములోని హైస్కూలు పిల్లలు కొందరు తమ బడిలో వారమునకు ఒకసారి ప్రార్థనకు కూడుకొనవలెనని ఆశించుచున్నారు. ఇది సంతోషింపదగిన సంగతి. అయితే దీనినిగూర్చి వ్రాయుటకు ముందు, నేను చేసిన తప్పు ఒకటి మీయెదుట ఒప్పుకొనవలసియున్నది.

కొన్నియేండ్ల క్రిందట ఇట్టి ఆశతోనే నలుగురు మగపిల్లలు నాయొద్దకు వచ్చిరి. బడి వెనుక వేపచెట్టు క్రింద పది నిమిషములు ప్రార్థించుకొందుమనిరి. నేను బహుగా సంతోషించి కాగితము తీసికొని కార్యక్రమము వ్రాసితిని: ప్రారంభ కీర్తన, స్వాగతము, అధ్యక్షుని పలుకులు, వాక్యోపదేశము, వందన సమర్పణ. మైకు తెప్పించితిని. సంఘ పెద్దలను కుర్చీలలో కూర్చుండబెట్టితిని. నేను ముప్పావుగంట ప్రసంగించితిని. ఇంతలో బడిగంట మ్రోగెను. పిల్లలలో ఒక్కడును నోరు తెరచి ప్రార్థింపలేదు. మరుసటి శుక్రవారము పొరుగూరిలో భూస్థాపన ఉండి నేను వెళ్లలేకపోతిని. వేపచెట్టు క్రిందికి ఎవరును రాలేదు. ఏమని అడుగగా వారిలో ఒకడు, "తమరు రాలేదు గదండీ అయ్యగారూ, అది తమరి మీటింగు గదా" అనెను. ఆ కూటము మరల జరుగలేదు. ఆ మాట నేటికిని నాలో ముల్లువలె నున్నది.

ఇప్పుడు మన పాఠము చూడుడి. ఏలీ వృద్ధుడు, కన్నులు మందగించినవాడు. బాలుడైన సమూయేలు రాత్రివేళ మూడు మారులు అతని యొద్దకు పరుగెత్తి వచ్చెను. పిలిచినది యెహోవాయని ఏలీ గ్రహించినప్పుడు ఏమి చేసెను? బాలుని మరల పండుకొనుమనెను. దేవుడు పిలిచినయెడల ఏమని బదులు పలుకవలెనో నేర్పెను. అంతమాత్రమే. తానులేచి వెళ్లి బాలుని ప్రక్కను కూర్చుండలేదు. వాని బదులు తాను పలుకలేదు. యాజకుడు తన చోటనే ఉండెను. దేవుడు బాలునితో మాటలాడెను.

ఆ రాత్రి దేవుడు చెప్పిన సంగతి ఏలీ ఇంటికి విరోధమైనదే. ఉదయమున ఆ బాలుడు చెప్పుటకు భయపడగా, ఏలీ ఏమియు దాచవద్దని, విన్నదానికి తలవంచెను. పెద్దలారా, పిల్లలను ప్రార్థింపనిచ్చుటకు మనము భయపడునది ఇందుకే కాదా? వారు తమంతట తాము ప్రార్థించిన దినమున, ఇంటిలోని త్రాగుడునుగూర్చియు, మన సంఘములోని కక్షలనుగూర్చియు ప్రార్థింతురు.

ఈ సంవత్సరము మరల ముగ్గురు వచ్చిరి, ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు. "ఎట్లా మొదలుపెట్టాలి, అయ్యగారూ?" అని అడిగిరి. ఈసారి కాగితము నేను తీసికొనలేదు. "మీరే వ్రాసికొనండమ్మా" అని చెప్పి, నాలుగు మాటలు మాత్రము వారికి అప్పగించితిని.

మొదటిది, పదిమందిని పిలుచుటకు ముందు ముగ్గురే ఒక వారము ప్రార్థింపుడి. ఇద్దరు ముగ్గురు తన నామమున కూడుచోట తాను ఉందునని ప్రభువు మాటయిచ్చెను (మత్తయి 18:20). హెడ్మాస్టరుగారిని, మధ్యాహ్న భోజనము వండు అమ్మను, బడి మానిన స్నేహితులను పేరుపేరున జ్ఞాపకము చేసికొనుడి.

రెండవది, అనుమతి అడుగుడి. నెహెమ్యా దేవునికి ప్రార్థించెను, రాజునొద్ద తాకీదులును అడిగెను (నెహెమ్యా 2:4-8). పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడుచు బడిలో మతబోధ జరుగకూడదనియు, సహాయము పొందు బడిలోనైనను ఎవరిని బలవంతపెట్టరాదనియు మన రాజ్యాంగము 28వ అధికరణములో ఉన్నది. ఆ కట్టుబాటు అందరి పిల్లలను కాపాడునది. కావున బడివేళ తప్పించి, మొదటి గంటకు ముందో లాంగ్ బెల్లు తరువాతనో అడుగుడి. హెడ్మాస్టరుగారు కాదన్నయెడల సణుగవద్దు. మన గుడి వరండా తెరచియున్నది.

మూడవది, ఎవరిని బ్రతిమాలవద్దు, మిఠాయిలతో ఆశపెట్టవద్దు, ఎవరి మతమును దూషింపవద్దు. తల్లిదండ్రులకు తెలియకుండ ఏ పిల్లవానిని కూర్చుండబెట్టవద్దు.

నాలుగవది, క్లుప్తముగా ముగింపుడి. ఒక చిన్న వాక్యభాగము, ఒకరి అక్కరలు ఒకరు చెప్పుకొనుట, చిన్న ప్రార్థనలు. పదిహేను నిమిషములు చాలును. వారమునకు ఒకరు నడిపింపవలెను, ఆడపిల్లలును నడిపింపవలెను. మనుష్యులకు కనబడవలెనని ప్రార్థించువారిని ప్రభువు హెచ్చరించెను (మత్తయి 6:5-6). ప్రార్థించి తరగతికి ఆలస్యముగా పోవువాడును, ప్రార్థించి పరీక్షలో చూచి వ్రాయువాడును ఆ కూటమునకు చెడ్డపేరు తెచ్చును.

మొదటి శుక్రవారము గడిచెను. సాయంకాలము ఆ అమ్మాయి వచ్చి, తలవంచుకొని, "నలుగురమే వచ్చామండీ అయ్యగారూ" అనెను. అప్పుడు నేను గడ్డివాము సంగతి చెప్పితిని.

1806 ఆగస్టులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, విలియమ్స్ కళాశాల విద్యార్థులు అయిదుగురు పొలములో ప్రార్థనకు కూడిరి. శామ్యూల్ మిల్స్ వారికి ముందుండెను. ఉరుములతో వాన రాగా ఒక గడ్డివాము చాటున చేరి, ఆసియా ఖండమునకు సువార్త పంపుటనుగూర్చి మాటలాడి ప్రార్థించిరి. అందుకు ఇంకను కాలము రాలేదని వారిలోనే ఒకరు అభ్యంతరము చెప్పెను. అయినను 1810లో ఆ దేశమున విదేశ మిషను సంఘము ఏర్పడుటకు ఆ ప్రార్థన ఒక విత్తనమాయెను. 1812లో ఆ సంఘము పంపినవారిలో అడోనిరాం జడ్సన్ ఒకడు. అతడు బాప్తిస్టు అయిన తరువాత, 1814లో అమెరికా బాప్తిస్టులును తమ మిషనును స్థాపించుకొనిరి. వారు పంపగా శామ్యూల్ డే 1836లో తెలుగువారియొద్దకు వచ్చెను; 1840లో నెల్లూరు చేరెను. వానకు తడిసిన అయిదుగురు పిల్లల ప్రార్థన మన ఊళ్లవరకు వచ్చినదమ్మా, నలుగురు తక్కువ కాదు అంటిని. ఆ బిడ్డ తలయెత్తి నవ్వెను.

తల్లిదండ్రులారా, పెద్దలారా, ఇక మన వంతు. పిల్లలడిగినచో సమ్మతించుడి. ఆ ఉదయము పశువుల పనియో నీళ్ల పనియో చెప్పి వారిని ఆపవద్దు. చూచివత్తమని బడికి పోవద్దు. శుక్రవారము ఉదయము ఆ వేళకు నేను గుడిలో మోకాళ్లమీద ఉందును. వీలైనవారు వచ్చి నాతో కలిసికొనుడి. వేపచెట్టు వారిది, గుడి నేల మనది. ఒకదినము వారు మనకు కష్టమైన మాట తెచ్చినయెడల, ఏలీవలె తలవంచి వినుటకు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.